రెగ్యులేటర్ కడిగిన నీళ్లు

ఇన్నేళ్లు ఏం పని చేశావని ఎవరైనా అడిగితే, కడగడం అని చెప్తాను. వినేవాళ్లు నవ్వుతారు. పటాన్‌చెరు దగ్గర ఒక పెద్ద ఫ్యాక్టరీలో సేఫ్టీ స్టోరు నా చేతిలో ఉండేది. తాళ్లు, మాస్కులు, హెల్మెట్లు చాలా ఉండేవి గానీ, నా అసలు బాధ్యత రెండు డైవింగ్ సెట్లు.

మా ఫ్యాక్టరీకి నీళ్లు మంజీర నుంచి వచ్చేవి. ఏటి ఒడ్డున పెద్ద బావి, దాని అడుగున ఇనుప జాలీ. జాలీకి నాచు, తుంగ, గుడ్డ పేలికలు చుట్టుకుంటే పంపులు ఆగిపోయేవి. అప్పుడొక మనిషి వీపున గాలి సిలిండర్ కట్టుకుని లోపలికి దిగి దాన్ని శుభ్రం చేయాలి. సిలిండర్‌లో గాలి రాయిలా బిగిసి ఉంటుంది. దాన్ని మనిషి పీల్చుకునేంత నెమ్మదిగా నోటికి అందించేది రెగ్యులేటర్. మనిషి పైకి వచ్చాక దాన్ని కడిగి, ఆరబెట్టి, మళ్లీ దిగే రోజుకు సిద్ధం చేయడం నా పని.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నాలుగు మాటలు రాయమన్నారు. ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఏ సాబ్ నాకు శాలువా కప్పాడు, అవి రాయను. ఎలా కడగాలో రాస్తాను. దాంతోపాటు మా అన్న సంగతి రాస్తాను. అన్న ప్రాణానికీ నా కడగడానికీ సంబంధం ఉంది. నిజం చెప్పాలంటే కలం పట్టింది అందుకే.

నేవీ సార్

నాకు పని నేర్పింది సింహాచలం సార్. విశాఖపట్నం మనిషి, నేవీలో డైవరుగా చేసి రిటైరై మా దగ్గర చేరాడు. అందరం నేవీ సార్ అనేవాళ్లం. తిట్టకుండా ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. ఆయన తిట్లు తిన్నందుకే నా చేతుల్లో ఎవరూ మునిగిపోలేదని నమ్ముతాను.

సిలిండర్ నుంచి రెగ్యులేటర్ విప్పగానే, గాలి లోపలికి వెళ్లే రంధ్రానికి ఒక చిన్న మూత ఉంటుంది. ముందు ఆ మూతను పొడిగుడ్డతో తుడిచి బిగించాలి. ఆ తర్వాతే నీళ్లలో ముంచాలి. నేను చేరిన కొత్తలో మూత జేబులో పెట్టుకుని మరిచిపోయి, రెగ్యులేటర్‌ను బకెట్లో ముంచాను. ముంచి, పక్కన ఈల వేస్తూ నిలబడ్డాను.

"ఏట్రా యాదగిరీ, మూత ఏదిరా?" అన్నాడు సార్.

జేబు తడుముకున్నాను. ఆయన ముఖం మాడిపోయింది. "లోనకి నీల్లెల్లిపోనాయి. స్ప్రింగు తుప్పడతాది. నువ్వు ఒడ్డున ఈలేసుకుంటావు, అడుగున ఉన్నోడికి గాలాడదు. ఆడికేటి సెప్తావురా?"

దాన్ని బొంబాయి పంపి బాగు చేయించడానికి నెలలు పట్టింది. అన్నాళ్లూ ఒక్క సెట్టుతో నెట్టుకొచ్చాం. తప్పు ఎవరిదని మేనేజరు అడిగితే, నాదే అన్నాడు నేవీ సార్. నా ముందు మాత్రం వారం రోజులు తిడుతూనే ఉన్నాడు. పై అధికారి అంటే అలా ఉండాలి. తర్వాత వచ్చినవాళ్లలో ఒకాయన, తనిఖీ వాళ్లు వస్తున్నారని రెగ్యులేటర్లకు నూనె రాసి మెరిపించమన్నాడు. గాలి పరికరానికి నూనె తగలకూడదని చెప్తే మూతి ముడిచాడు. అలాంటి వాళ్లే ఎక్కువ తగులుతారు, ముందే చెప్తున్నాను.

నోట్లో పెట్టుకునే భాగం మీద ఒక బటన్ ఉంటుంది. గాలి లేనప్పుడు నీళ్లలో దాన్ని నొక్కకండి, నీళ్లు గొట్టం దారిన లోపలికి పోతాయి. ఎండలో ఆరబెట్టకండి. గొట్టం పట్టి మేకుకు వేలాడదీయకండి. ఊరికే ముంచి తీయకండి, నాననివ్వాలి. ఏటి బురద మొండిది.

ఇక నీళ్ల సంగతి. మా ఫ్యాక్టరీ బోరు నీళ్లు ఉప్పన. బకెట్టు ఎండితే తెల్లటి పొర కట్టేది. ఏటి నుంచి వచ్చే నీళ్లలో బ్లీచింగ్ ఎంత కలిసేదో కలిపేవాడికే తెలియదు. నేవీ సార్ రెండూ వద్దన్నాడు. "ఇది మనిసి నోట్లోకెల్లేదిరా. నువ్వు తాగలేని నీల్లతో దీన్ని కడక్కు" అన్నాడు. ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చింది మా అన్న బావి.

అన్న బావి

మాది జిన్నారం వైపు చిన్న ఊరు. మా తాత తవ్వించిన బావి కింద నాలుగెకరాల వరి. నాన్న చిన్నప్పుడే పోయాడు. అన్న బాలయ్య నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నన్ను ఐటీఐ చదివించింది ఆయనే. వదిన కాపురానికి వచ్చేనాటికి నాకు చెప్పులు వేసుకోవడం కూడా సరిగా రాదు. వాళ్లకు పిల్లలు కలగలేదు, పిల్లాడంటే నేనే.

ఆ బావి నీళ్లు తియ్యన. మా ఊళ్లో పెళ్లి వంటలకు ఆ నీళ్లే అడిగి పట్టుకెళ్లేవాళ్లు. నేను పటాన్‌చెరులో కిరాయి ఇంట్లో ఉండి, ప్రతి ఆదివారం లూనా మీద ఊరికి పోయేవాణ్ణి. వచ్చేటప్పుడు రెండు తెల్ల క్యాన్లలో నీళ్లు తెచ్చుకుంటానని చెప్తే అన్న మొదట నమ్మలేదు.

"మిషన్ కడగనీకి నా బాయి నీళ్లా? ఫ్యాక్టరీల నీళ్లు లెవ్వా?" అన్నాడు.

"ఉన్నయ్ గని మనిషి నోట్ల వెట్టుకునే మిషనే అన్నా అది. ఖరీదు గల్లది. మంచి నీళ్లే గావాలె."

ఆ రోజు ఆయన ముఖం చూడాలి. ఊళ్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. అప్పటి నుంచి ఆదివారం సాయంత్రం నేను బయల్దేరేసరికి క్యాన్లు నిండి అరుగు మీద తయారుగా ఉండేవి. ఆరేడేళ్లు ఆ నీళ్లతోనే కడిగాను. ఒక్క రబ్బరు ముక్క చెడలేదు.

ఆ సంవత్సరాల్లోనే గడ్డపోతారం చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ లేచాయి. మా ఊరికి ఎగువన కూడా వచ్చాయి. వానాకాలం వాగులో నీళ్లు ఒక్కోసారి టీ రంగులో పారేవి. వాగు వేరు, మా బావి వేరు అనుకున్నాం.

నర్సింలు

మా డైవరు నర్సింలు మంజీర ఒడ్డున చేపలు పట్టే ఇంటివాడు. ఈత వాడికి ఎవరూ నేర్పలేదు. నేవీ సార్ వాడికి డైవింగ్ నేర్పి, కొన్నాళ్లకు విశాఖ వెళ్లిపోయాడు. నర్సింలు నన్ను, ఊళ్లో భూములున్న పెద్దవాళ్లను పిలిచినట్టు, పటేల అని పిలిచేవాడు. ఫ్యాక్టరీలో ఆ పిలుపు అక్కర్లేదు, కానీ వద్దని నేను ఎన్నడూ అనలేదు. నచ్చేది, అందుకు.

ఒక చలికాలం నర్సింలు దిగిన పది నిమిషాలకు తాడు గబగబా గుంజాడు. లాగాం. రెగ్యులేటర్ నోట్లో లేదు, ముక్కు నుంచి రక్తం. నీళ్లు కక్కి, ఊపిరి తిరిగాక, "గాలి రాలే పటేల, నీళ్లొచ్చినయ్" అన్నాడు.

విప్పి చూశాను. నోటి భాగంలో గుండ్రటి పలుచని రబ్బరు పొర ఒకటి ఉంటుంది. డయాఫ్రమ్ అంటారు. ఊపిరి పీల్చినప్పుడు అది లోపలికి వంగి గాలికి దారి ఇస్తుంది. అది ముడతలు పడి గాడిలోంచి లేచి ఉంది. కిందటిసారి దిగినప్పుడు నేను సెలవులో ఉన్నాను, సెట్టు కడిగింది నర్సింలే. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాను.

"సరిగ్గ కడగకపోతే గిట్లనే అయితది. నీ పానం నువ్వే తీస్కుంటున్నవ్" అన్నాను.

"నేనేం తక్కువ కడగలే పటేల. మీరు చెప్పినట్టే నానవెట్టిన. గా నీళ్లల్లనే ఏదో ఉన్నది. రబ్బరు సూడుండ్రి, నానిన సెనగగింజ లెక్క ఉబ్బింది."

నాకు ఒళ్లు మండింది. "మా తాత తవ్వించిన బాయిరా అది. బురదనీళ్లల్ల పెరిగినోనివి, నువ్వు దానికి వంక వెడ్తవా?"

ఆ మాట అన్నాను. ఇన్నేళ్లయినా తలుచుకుంటే సిగ్గేస్తుంది. చావు తప్పించుకుని గట్టున పడి ఉన్న మనిషితో అన్నాను. నేను అక్కడితో ఊరుకోలేదు, నిర్లక్ష్యం మనిషని పైవాళ్లకు చెప్పాను. వాణ్ణి బాయిలర్ దగ్గర బొగ్గు ఎత్తే పనికి మార్చారు. జాలీ పనికి హైదరాబాద్ నుంచి కాంట్రాక్టు మనిషిని పిలిపించారు.

కొత్త డయాఫ్రమ్ వేశాను. ప్రతిసారీ నా చేతులతో కడిగాను, అన్న బావి నీళ్లతో. మూడు నెలల్లో అదీ ఉబ్బింది. ఈసారి తిట్టడానికి ఎవరూ లేరు.

రెండు సీసాలు

రెండు జామ్ సీసాలు కడిగి, ఒక దాంట్లో అన్న బావి నీళ్లు, ఇంకోదాంట్లో మా ల్యాబ్‌లోని డిస్టిల్డ్ వాటర్ పోశాను. రెండింట్లోనూ ఒక్కో కొత్త డయాఫ్రమ్ వేసి, మూతలు బిగించి, బీరువాలో తాళం వేసి పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. నెల తర్వాత తీసి పక్కపక్కన పెట్టాను. ల్యాబ్ నీళ్లది వేసినట్టే ఉంది. బావి నీళ్లది పెద్దదైంది, మెత్తబడింది, వేలికి అంటుకుంటోంది. సీసా మూత తీస్తే సన్నటి మందు వాసన. మా ఫ్యాక్టరీల చుట్టుపక్కల గాలే ఆ వాసన వేస్తుంది కాబట్టి మాకెవరికీ ముక్కుకు తెలియలేదు.

ఆ క్షణాన నేను తాళం వేసి, లూనా ఎక్కి, తిన్నగా ఊరికి పోవాల్సింది. రబ్బరును ఉబ్బించే నీళ్లు మా అన్న, వదిన రోజూ తాగుతున్నారు. ఈ లెక్క చిన్న పిల్లాడికైనా అందుతుంది. నాకు అందలేదని చెప్పను. అందింది. కానీ మనసు దానికొక జవాబు వెంటనే తయారు చేసుకుంది. రబ్బరు నాజూకు సరుకు, మనుషులకు అలవాటైపోతుంది, ఇన్నేళ్లుగా తాగుతున్నారు, ఏమైంది? అలా అనుకుని భోజనానికి వెళ్లాను.

మరునాటి నుంచి సెట్లను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాను. నర్సింలును వెనక్కి తెప్పించమని పైవాళ్లను బతిమాలాను, వాడు వచ్చాడు. తప్పు నాదేనని వాడితో నోరు తెరిచి అనలేదు. కడిగిన రెగ్యులేటర్ చేతికిచ్చాను, వాడు తీసుకున్నాడు.

మోసుకొచ్చి పారబోయడం

ఇక్కడ నేను చేసిన పని మీకు పిచ్చిగా కనిపిస్తుంది. నీళ్లు మార్చాను గానీ, క్యాన్లు తేవడం మానలేదు. ప్రతి ఆదివారం అన్న అరుగు మీద క్యాన్లు సిద్ధం చేసేవాడు. 'ఇక వద్దన్నా' అంటే ఎందుకని అడుగుతాడు. చెప్తే, ఆ బావి మీద, ఆ పొలం మీద ఆయనకున్న నమ్మకం కూలిపోతుంది. ఇది ఏ నోటితో చెప్పను? వచ్చే వారం చెప్దాంలే అనుకుని క్యాన్లు లూనాకు కట్టుకునేవాణ్ణి. సోమవారం పొద్దున స్టోరు వెనక మోరీలో పారబోసేవాణ్ణి. ఖాళీ క్యాన్లు మళ్లీ ఆదివారం ఊరికి.

ఒకరోజు పారబోస్తుంటే నర్సింలు చూశాడు.

"మోసుకొచ్చుడెందుకు, పారవోసుడెందుకు పటేల?"

నేను రెండో క్యాన్ మూత తీశాను.

"ఇంట్ల చెప్పిన్రా?"

"చెప్త" అన్నాను.

"జల్దీ చెప్పుండ్రి. గా నీళ్లతోని నాకైతే ఒక్కనాడే పానం మీదికొచ్చింది, పైకొచ్చిన. వాళ్లు రోజు తాగుతున్నరు."

వాడు అంతకంటే ఏం చెప్పాలి? అప్పటికి నాలుగు నెలలు. మొదటి నెలలో చెప్పి ఉంటే తేలిగ్గా పోయేది. నాలుగు నెలలయ్యాక చెప్తే, మరి ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు భయపడి ఇంకో నెల, దానికి భయపడి మరో నెల. పిల్లలూ, మా వృత్తిలో తప్పు చేసినవాళ్లంతా ఇలాగే దాచారు. మూత మరిచిన రోజు సార్ కనిపెట్టక, నేను దాచి ఉంటే, దాని స్ప్రింగు తుప్పు పట్టి ఒక మనిషి పోయేవాడు. అంత తెలిసినవాణ్ణి ఇంట్లో దాచాను.

ఆ వానాకాలం మా ఊళ్లో గొర్రెలు చచ్చాయి. బావుల నీళ్లు పాడయ్యాయని జనం అనుకోసాగారు. కొందరు దూరం పోయి నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం నేను అరుగు మీద ఉండగానే పక్కింటి మనిషి వచ్చి అన్నను హెచ్చరించాడు. అన్న నవ్వాడు. నా ముందున్న క్యాన్లు చూపించాడు.

"అరె, గవ్వి సూడు. అంత ఖరీదు మిషన్ కడగనీకి మా తమ్ముడు నా బాయి నీళ్లే కొంచవోతడు. ఖరాబున్నయంటే కొంచవోతడా? ఫ్యాక్టరీల సదువుకున్నోళ్లుంటరు, వాళ్లకు తెల్వదా?"

పక్కింటాయన నా వైపు చూశాడు. నేను తల దించుకుని క్యాన్ మూత బిగించాను. అది ముందే బిగించి ఉంది.

అలా నా క్యాన్లే మా అన్నకు సాక్ష్యమయ్యాయి. ఊరంతా అనుమానపడుతుంటే, ఆయన ఆ నీళ్లను ధైర్యంగా తాగింది నన్ను చూసి. ఇది మాత్రం నాకు అప్పుడే అర్థమైంది. అయినా ఆ సాయంత్రం కూడా క్యాన్లు కట్టుకుని వచ్చేశాను. నేనుండేది పటాన్‌చెరులో, నేను తాగేది నల్లా నీళ్లు.

పొంగు

చలికాలంలో అన్న కాళ్లు పొంగాయి. ఎండల్లో, బురదలో తిరిగితే పొంగవా అన్నాడు. బొటనవేలితో నొక్కి చూశాను. సొట్ట పడి, అలాగే ఉండిపోయింది. రబ్బరు పాడైందో లేదో నొక్కి చూసి చెప్పడం నా రోజువారీ పని. అన్న పాదం పట్టుకుని కూర్చున్నాను, నాకు ఏడుపు వచ్చింది. వదిన నేను అలిసిపోయాననుకుని చాయ్ తెచ్చింది.

సంగారెడ్డి తీసుకుపోయాను, అక్కడి నుంచి హైదరాబాద్. రెండు మూత్రపిండాలూ పాడయ్యాయన్నారు. నీళ్ల వల్లనేనా అని డాక్టర్‌ను అడిగాను. అలా చెప్పలేం, చాలా కారణాలుంటాయి అన్నాడు. అది నిజమే కావచ్చు. నేను ఈ రోజుకీ నీళ్ల వల్లనే అని రుజువు చేయలేను. కాదని నన్ను నేను నమ్మించుకోనూ లేను.

ఆ రోజుల్లోనే అధికారులు మా ఊరి బావుల నీళ్లు పరీక్షకు తీసుకుపోయి, తాగొద్దని చెప్పి, ట్యాంకర్ పంపడం మొదలుపెట్టారు. ఆ కబురు ఆసుపత్రిలో అన్నకు వదినే చెప్పింది. ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు.

"తమ్మీ, నీ మిషన్ గిట్ల ఖరాబు కాలేదు గద?"

"కాలేదన్నా."

"మరి నీళ్లు మంచియి కావని నీకెప్పుడు తెల్సింది?"

నిజం చెప్పడానికి అదే చివరి తావు. మంచం పక్కన వదిన ఉంది. నేను ఆయన కళ్లలోకి చూసి అన్నాను, "మొన్ననే అన్నా. సర్కారోళ్లు చెప్పినంకనే."

"నేను గదే అనుకున్న. నీకు తెల్సుంటే చెప్పకుంట ఉంటవా" అన్నాడు.

రెండు నెలలకు పోయాడు. మట్టి వేయడానికి నర్సింలు వచ్చాడు. గుంపులో వెనక నిలబడి, నా దగ్గరికి రాకుండానే వెళ్లిపోయాడు. వాడు ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కాస్త తేలికయ్యేదేమో.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఉద్యోగం చేశాను. సెట్లలో ఏ లోపమూ రానివ్వలేదు. పదవీ విరమణ సభలో, జాగ్రత్తకు మారుపేరు యాదగిరి అన్నారు. లేచి చెప్పాలనిపించింది. చెప్పలేదు.

వదిన

వదిన ఇప్పుడు ఇస్నాపూర్‌లో మా ఇంట్లోనే ఉంటుంది. చదువు రాదు. ఇది అచ్చయితే ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు, అలా తెలియడం కంటే నా నోటితో తెలియడం న్యాయం అనిపించింది. నిన్న మధ్యాహ్నం ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చదివాను. సీసాల దగ్గర ఆమె చేతులు ఆగాయి. ఆసుపత్రి దగ్గర కాగితం పక్కన పెట్టి చెప్పాను.

"వదినా, అన్నతోని నేను అబద్ధం చెప్పిన. మొన్న కాదు. అన్నను దవాఖానకు తీస్కపోకముందు పది నెలలసంది నాకెరుక."

ఆమె తిడుతుందనుకున్నాను. లేచి పోతుందనుకున్నాను. పది నెలలా, అని ఒక్కసారి అంది. చిక్కుడుకాయల వైపే చూస్తూ మాట్లాడింది.

"గా క్యాన్లు నేనే నింపేదాన్ని యాదగిరీ. మీ అన్న జెర కూడ చెత్త పోవద్దని చెప్తుండె. కొత్త గుడ్డ నాల్గు మడతలేసి, ఒకటికి రెండుసార్లు వడగట్టి పోసేదాన్ని, నీ మిషన్ ఖరాబైతదని. మేం తాగేటియి మాత్రం గట్లనే చేదుకొని తాగినం."